డిస్కు డబ్బా కవర్ల రూపకల్పన: కొత్తవారికి అనువైన సాఫ్ట్‌వేర్

సీడీ, వీసీడీ, డీవీడీ, బ్లూ-రే డిస్కులను పెట్టే ప్లాస్టిక్ డబ్బాలో బయటికి కనబడేలా అమర్చే అచ్చు కాగితాన్ని డిస్కు డబ్బా కవరు అంటారు. పాటల సీడీలో ఇది రెండు ముక్కలుగా ఉంటుంది. ముందువైపుది బుక్‌లెట్, వెనుకవైపుది ఇన్‌లే లేదా ట్రే కార్డు. డీవీడీ డబ్బాలో ముందు, వెనుక, మధ్యలోని సన్నటి పట్టీ (స్పైన్) మూడూ కలిసి ఒకే కాగితం. బయటి పారదర్శకపు పొరలోకి దాన్ని పైనుంచి జారుస్తారు.

ఈ కాగితాన్ని తయారుచేయడానికి ప్రత్యేకంగా రాసిన ప్రోగ్రాములు ఉన్నాయి, సాధారణ డిజైన్ సాఫ్ట్‌వేర్‌తోనూ తయారుచేయవచ్చు. కొత్తవారికి ఏది అనువైనది అన్న ప్రశ్నకు జవాబు ఎఫెక్టుల సంఖ్యలో ఉండదు. పేజీని మిల్లీమీటర్లలో పెట్టుకోనిస్తుందా, పెట్టిన కొలతలోనే అచ్చు వేస్తుందా, తెలుగు ఒత్తులను సరిగా చూపుతుందా అన్న మూడు విషయాల్లో ఉంటుంది. ఈ వ్యాసం ఆ మూడింటి చుట్టూనే నడుస్తుంది.

డబ్బాల రకాలు, కొలతలు

డిస్కు వ్యాసం 120 మిల్లీమీటర్లు, మందం 1.2 మి.మీ., నడిమి రంధ్రం 15 మి.మీ. సీడీకైనా, డీవీడీకైనా, బ్లూ-రేకైనా ఇదే కొలత. మారేది డబ్బా.

సీడీలకు వాడే గట్టి ప్లాస్టిక్ డబ్బాను జ్యూయల్ కేసు అంటారు. దాని కొలత 142 × 125 × 10 మి.మీ. ముందు కాగితం 120 × 120 మి.మీ. చతురస్రం. నాలుగు పేజీల బుక్‌లెట్ కావాలంటే 240 × 120 మి.మీ. కాగితాన్ని మధ్యకు మడుస్తారు. వెనుక ట్రే కార్డు 151 × 118 మి.మీ. ఉంటుంది. అందులో రెండు చివర్లా సుమారు 6.5 మి.మీ. చొప్పున లోపలికి మడిస్తే అవే స్పైన్లు అవుతాయి. అరలో వరసగా పెట్టినప్పుడు పేరు కనిపించేది ఈ సన్నటి పట్టీలోనే. స్లిమ్ కేసు మందం ఇందులో సగం ఉంటుంది. దానిలో మామూలుగా ట్రే కార్డుకు చోటుండదు, ముందు కాగితం ఒక్కటే పడుతుంది.

డీవీడీ డబ్బా నిలువుగా, పుస్తకంలా ఉంటుంది. దాని కాగితం 273 × 183 మి.మీ. కుడివైపు ముందు అట్ట 129.5, మధ్య స్పైన్ 14, ఎడమవైపు వెనుక అట్ట 129.5 మి.మీ. సన్న డీవీడీ డబ్బాల్లో స్పైన్ దాదాపు సగానికి తగ్గుతుంది. బ్లూ-రే డబ్బా ఎత్తు తక్కువ, కాగితం సుమారు 269 × 148 మి.మీ. డీవీడీ కవరును యథాతథంగా బ్లూ-రే డబ్బాలో పెట్టబోతే పైన మూడు సెంటీమీటర్లకు మించి మిగిలిపోతుంది.

ఇవి పరిశ్రమలో పాటించే కొలతలే అయినా, తయారీదారును బట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. చవక డబ్బాల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. చేతిలో ఉన్న డబ్బాలోని పాత కాగితాన్ని తీసి స్కేలుతో కొలుచుకోవడం ఏ టెంప్లేట్‌నూ నమ్మడంకన్నా మేలు.

చరిత్ర

గ్రామఫోన్ రికార్డుల తొలి రోజుల్లో సంచికి బొమ్మ ఉండేది కాదు. రంగు లేని మందపాటి కాగితంపై కంపెనీ పేరు మాత్రం ఉండేది. అమెరికాలో కొలంబియా రికార్డ్స్ సంస్థకు 1930ల చివర ఆర్ట్ డైరెక్టరుగా వచ్చిన అలెక్స్ స్టైన్‌వైస్ ఆల్బమ్‌లకు చిత్రాలతో కూడిన అట్టలు వేయడం మొదలుపెట్టాడు. ఆ అలవాటు ఎల్పీ రికార్డులకూ, ఫిలిప్స్ 1963లో తెచ్చిన క్యాసెట్లకూ పాకింది.

ఫిలిప్స్, సోనీ కలిసి రూపొందించిన సీడీ 1982 అక్టోబరులో జపాన్ మార్కెట్లోకి వచ్చింది. జ్యూయల్ కేసును ఫిలిప్స్‌లో పనిచేసిన పీటర్ డూడ్సన్ రూపొందించాడు. ఎల్పీ అట్టతో పోలిస్తే చిత్రకారుడికి దక్కిన చోటు దాదాపు ఏడో వంతుకు పడిపోయింది. అమెరికా దుకాణాల్లోని అరలు ఎల్పీల కోసం కట్టినవి కావడంతో, సీడీని 12 అంగుళాల పొడవున్న అట్టపెట్టెలో పెట్టి అమ్మేవారు. ఈ లాంగ్‌బాక్సును 1993లో మానుకున్నారు. డీవీడీ 1996 చివర జపాన్‌లో, 1997లో అమెరికాలో వచ్చింది. దానికి కొత్త ఆకారపు డబ్బా, దానితో కొత్త కొలతల కాగితం వచ్చాయి.

కవరు తయారీ ఇంటికి రావడానికి కారణం సీడీ రైటరు. రాయదగిన సీడీకి ఆరెంజ్ బుక్ ప్రమాణం, తొలి డిస్కులు 1988 నాటివి. అయినా సామాన్యుడికి అందే ధరకు రైటర్లు దిగింది 1990ల చివరలోనే. జర్మనీ నుంచి 1997లో వచ్చిన నీరో బర్నింగ్ రోమ్, అమెరికా నుంచి వచ్చిన ఈజీ సీడీ క్రియేటర్ వంటి ప్రోగ్రాములు రైటరుతో పాటు పెట్టెలోనే ఉచితంగా వచ్చేవి. వాటితోనే కవరు తయారుచేసే పనిముట్టూ వచ్చేది. డిస్కు రాసినవారు ఆ వరసలోనే పాటల పట్టికను కవరులోకి తెచ్చుకుని అచ్చు వేసుకునేవారు. ఒక తరానికి తెలిసిన కవర్ డిజైనింగ్ ఇదే.

2004లో హెచ్‌పీ లైట్‌స్క్రైబ్‌ను ప్రకటించింది. ప్రత్యేక పూత ఉన్న డిస్కును తిరగేసి పెడితే, సమాచారం రాసే లేజరే లేబులును కూడా చెక్కేది. రంగు ఒక్కటే, సమయం ఎక్కువ, డిస్కు ధరా ఎక్కువ. ఆ పద్ధతి నిలవలేదు.

తెలుగు ప్రాంతంలో ఈ పని ఎక్కువగా రెండు చోట్ల నడిచింది. ఒకటి సినిమా పాటల క్యాసెట్, సీడీ కంపెనీలకు పనిచేసే డిజైన్ స్టూడియోలు. రెండోది ఊరూరా ఉండే పెళ్లి ఫొటో స్టూడియోలు. పెళ్లి వీడియో వీహెచ్‌ఎస్ క్యాసెట్ నుంచి వీసీడీకి, అక్కణ్నుంచి డీవీడీకి మారినప్పుడు, డబ్బామీద వధూవరుల ఫొటో, ముహూర్తం తేదీ, కింద స్టూడియో పేరు, ఫోన్ నంబరు వేయడం ఆనవాయితీ అయింది. ఫొటోషాప్ నేర్చుకున్న కుర్రాళ్లు చాలామంది మొదట చేయి తిప్పింది ఈ కవర్లమీదే.

ప్రత్యేక కవర్ సాఫ్ట్‌వేర్

ఈ కోవలోని ప్రోగ్రాములు తెరవగానే ఏ రకం డబ్బా అని అడుగుతాయి. ఎంచుకున్న వెంటనే సరైన కొలతల గీతలు, మడత గీతలు తెరమీద వస్తాయి. బొమ్మ పెట్టి పేరు రాసి ప్రింట్ నొక్కితే చాలు. విండోస్‌లో నీరో కవర్ డిజైనర్, ష్యూర్‌థింగ్, అకూస్టికా, రోన్యాసాఫ్ట్‌ల లేబుల్ ప్రోగ్రాములు ఈ జాతివే. అండర్‌కవర్ ఎక్స్‌పీ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము రూపకల్పన జోలికే పోదు. సిద్ధంగా ఉన్న బొమ్మను సరైన కొలతలో అచ్చు వేయడం దాని పని. మ్యాక్‌లో బీలైట్ సంస్థ డిస్క్ కవర్, లినక్స్‌లో జీలేబుల్స్, కోవర్‌ఆర్టిస్ట్ ఇలాంటివే. యాపిల్ ఐట్యూన్స్‌లో ప్లేలిస్టును నేరుగా జ్యూయల్ కేసు కాగితంగా అచ్చు వేసే ఏర్పాటు ఉండేది. మ్యాక్‌లోని మ్యూజిక్ యాప్‌కు కూడా అది వచ్చింది.

డిస్కు ముఖంమీద అచ్చు వేయడం దీనికి అనుబంధమైన పని. తెల్లటి పైపూత ఉన్న ఇంక్‌జెట్ డిస్కులను ట్రేలో పెట్టి నేరుగా ప్రింట్ చేయగల ఎప్సన్ ఎల్805 వంటి ప్రింటర్లకు ఎప్సన్ ప్రింట్ సీడీ అనే ప్రోగ్రాము తోడుగా వచ్చింది. మన ఫొటో స్టూడియోల్లో ఆ ప్రింటరు ట్రేలోకి ఇప్పుడు డిస్కులకన్నా పీవీసీ ఐడీ కార్డులే ఎక్కువగా వెళ్తున్నాయి. డిస్కుమీద కాగితపు స్టిక్కర్ అంటించే పద్ధతి కూడా ఉంది కానీ, కొంచెం పక్కకు అంటినా డిస్కు తిరిగేటప్పుడు అదురుతుంది, అంచు లేస్తే డ్రైవ్‌లో చిక్కుకుంటుంది. కొత్తవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ప్రత్యేక ప్రోగ్రాములు అన్నిటికన్నా తేలిక అనడంలో సందేహం లేదు. అయితే వీటిలో చాలావాటికి కొత్త వెర్షన్లు రావడం నిలిచిపోయింది. పాతబడిన వాటిని ఎక్కడపడితే అక్కణ్నుంచి దించుకుంటే వైరస్ భయం ఉంది. పైగా తెలుగు లిపి విషయంలో వీటిని నమ్మలేం (చూడండి: తెలుగు లిపి).

సాధారణ డిజైన్ సాఫ్ట్‌వేర్

ఉచితంగా దొరికే వాటిలో నాలుగు ఈ పనికి నిలుస్తాయి. వర్డ్ వాడిన అలవాటున్నవారికి లిబర్‌ఆఫీస్ డ్రా వెంటనే పట్టుబడుతుంది. పేజీ కొలతను మి.మీ.లో ఇచ్చి, గీతలు పెట్టుకుని, ఫొటో, అక్షరాలు అమర్చి పీడీఎఫ్ తీయవచ్చు. రంగుల్లో మెళకువలు కావాలంటే చాలదు గానీ, ఒక్క డీవీడీ కవరు కావలసినవారికి ఇంతకన్నా నేర్చుకోవలసింది లేదు.

ఇంక్‌స్కేప్ వెక్టర్ ప్రోగ్రాము, 2003లో మొదలైంది. అక్షరాలు, గీతలు ఎంత పెద్దవి చేసినా అంచులు చెదరవు. 1.2 వెర్షన్ నుంచి ఒకే ఫైలులో అనేక పేజీలు పెట్టుకోవచ్చు కాబట్టి బుక్‌లెట్‌కూ పనికొస్తుంది. స్పైన్ వంటి సన్నటి చోట పేరు కచ్చితంగా కూర్చోబెట్టడానికి దీన్ని మించింది ఉచితంగా దొరకదు.

జింప్ ఫొటోలను దిద్దే పనిముట్టు. ముఖం వెనుక ఉన్న గోడను చెరిపేయడం, రెండు ఫొటోలను కలపడం, వెలుతురు సరిచేయడం దీని పని. కవరు మొత్తాన్ని ఇందులోనే చేయాలంటే పిక్సెళ్ల లెక్క తెలియాలి. అంగుళానికి 300 చుక్కల చొప్పున సీడీ ముందు కాగితం 1417 × 1417, ట్రే కార్డు 1783 × 1394, డీవీడీ కాగితం 3224 × 2161 పిక్సెళ్లు అవుతాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చాలాసార్లు దీనికి చాలదు. అసలు ఫైలునే డాక్యుమెంటుగా పంపమని అడగాలి.

స్క్రైబస్ పేజీ అమరికకు ఉద్దేశించింది. అచ్చుకు వాడే సీఎంవైకే రంగులు, రంగుల ప్రొఫైళ్లు, అచ్చు ప్రమాణాల పీడీఎఫ్ వంటివి ఇందులో ఉన్నాయి. ఆఫ్‌సెట్‌లో వెయ్యి కాపీలు వేయించేవారికి మంచిదే గానీ, మొదటిసారి చేసేవారికి తొలి గంటలు కష్టంగా ఉంటాయి.

డబ్బు చెల్లించి కొనేవాటిలో ఫొటోషాప్, కోరల్‌డ్రా తెలుగునాట డీటీపీ సెంటర్లలో స్థిరపడినవి. ఇప్పటికే తెలిసినవారికి వేరేది అక్కర్లేదు. ఒక్క కవరు కోసం వాటిని కొత్తగా నేర్చుకోవడం మాత్రం దండగ. కాపీ కొట్టిన వెర్షన్లతో మొదలుపెట్టడం అంతకన్నా దండగ. మైక్రోసాఫ్ట్ పబ్లిషర్‌కు 2026 అక్టోబరుతో మద్దతు ముగుస్తుందని కంపెనీ ప్రకటించింది కాబట్టి దాన్ని కొత్తగా ఎంచుకోవడానికి కారణం లేదు.

బ్రౌజర్‌లో నడిచేవాటిలో 2013లో ఆస్ట్రేలియాలో మొదలైన క్యాన్వా పేరెన్నికగన్నది. కొలత మి.మీ.లో ఇవ్వవచ్చు, కటింగ్ మార్కులతో పీడీఎఫ్ తీయవచ్చు. ఆల్బమ్ కవర్ పేరుతో అందులో కనిపించే నమూనాలు స్ట్రీమింగ్ యాప్‌ల కోసం చేసిన చతురస్రాలు. వాటిలో ట్రే కార్డు, స్పైన్ ఉండవు. ఫొటోషాప్ ఫైళ్లను తెరవగల ఫొటోపియా కూడా బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఫోనే చేతిలో ఉన్నవారు పిక్సెల్‌ల్యాబ్ వంటి యాప్‌లతో పని కానిస్తారు. అవి ఇచ్చేది బొమ్మ మాత్రమే, కొలత ఉన్న పేజీ కాదు.

తెలుగు లిపి

తెలుగు కవరుకు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలో అసలు పరీక్ష ఇక్కడ ఉంది. తెలుగు అక్షరాలు టైపు చేసిన వరసలో పక్కపక్కన నిలబడవు. ఒత్తు కిందికి దిగాలి, గుడి అక్షరం తలమీదికి ఎక్కాలి. ఈ పని చేసే ఏర్పాటు లేని ప్రోగ్రాములో పొల్లులు విడివిడిగా తేలి, మాట ముక్కలవుతుంది. దుకాణంలో కొనేముందు పెన్ను గీసి చూసినట్టు, ఏ ప్రోగ్రామునైనా తెరిచి మొదట "స్వాతంత్ర్యం", "లక్ష్మి", "క్షేత్రయ్య" అని టైపు చేసి చూడాలి. ఈ మూడూ సరిగా వస్తే మిగతావాటి గురించి బెంగ అక్కర్లేదు.

ఇంక్‌స్కేప్, జింప్, లిబర్‌ఆఫీస్ ఈ పరీక్షలో నెగ్గుతాయి. స్క్రైబస్ 1.4 నెగ్గలేదు. 2024 జనవరిలో వచ్చిన 1.6లో ఒత్తులు సరిగా వస్తాయి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో టైప్ ప్రిఫరెన్సులకు వెళ్లి దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజన్‌ను ఎంచుకుంటే గానీ తెలుగు కుదరదు. పాత కవర్ ప్రోగ్రాముల్లో చాలా వాటికి ఇలాంటి ఎంపికే లేదు. అలాంటప్పుడు తెలుగు పేరును ఇంక్‌స్కేప్‌లో రాసి, బొమ్మగా మార్చి తెచ్చి పెట్టుకోవడం ఒక్కటే దారి.

డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ వాడే అను ఫాంట్ల సంగతి వేరు. అవి యూనికోడ్ కావు. అనులో కొట్టిన పాటల పట్టికను యూనికోడ్ ఫాంట్‌లోకి మారిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. మార్పిడి సాధనాలు ఉన్నాయి, మార్చాక ప్రతి పేరూ మళ్లీ చదువుకోవాలి. యూనికోడ్‌లో అందమైన శీర్షిక ఫాంట్ల కొరతను చాలావరకు తీర్చినవి సిలికానాంధ్ర ఆధ్వర్యంలో ఉచితంగా వచ్చిన పొన్నాల, రవిప్రకాష్, రామభద్ర, మండలి, సురన్న, ధూర్జటి తదితర ఫాంట్లు. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర వంటి లావుపాటిది, పాటల పట్టికకు మండలి వంటి సన్నటిది సరిపోతాయి. తెలుగు ఒత్తులకు కింద చోటు కావాలి కాబట్టి, ఇంగ్లిష్‌కు సరిపోయే వరసల ఎడం తెలుగుకు సరిపోదు. పట్టికలో 7 పాయింట్లకన్నా చిన్న అక్షరాలు వేస్తే ఒత్తులు సిరాలో పూడిపోతాయి.

ఫైలును ప్రింటింగ్ సెంటరుకు ఇచ్చేముందు అక్షరాలను పాత్‌లుగా, అంటే గీతల ఆకారాలుగా, మార్చాలి. వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంట్ లేకపోయినా అప్పుడు ఇబ్బంది ఉండదు. మార్చని ప్రతిని కూడా దాచుకోవాలి, లేకపోతే తర్వాత అక్షరదోషం దిద్దుకోలేరు.

తయారీ, ముద్రణ

కటింగ్‌లో తెల్ల అంచు రాకుండా, కాగితం కొలతకు చుట్టూ 3 మి.మీ. చొప్పున బొమ్మను బయటికి పొడిగించాలి. దీన్నే బ్లీడ్ అంటారు. పేర్లు, ముఖాలు అంచుకు మరో 3 మి.మీ. లోపలే ఉండాలి. డీవీడీ కాగితం బ్లీడ్‌తో కలిపి 279 × 189 మి.మీ. అవుతుంది, అడ్డంగా తిప్పిన ఏ4 కాగితంలో పడుతుంది. సీడీ ముందు కాగితం, ట్రే కార్డు రెండూ ఒకే నిలువు ఏ4లో ఒకదానికింద ఒకటి సరిపోతాయి. అమెరికా నుంచి వచ్చిన టెంప్లేట్లు లెటర్ సైజు కాగితానికి చేసినవి కావచ్చు, ముందే చూసుకోవాలి.

ట్రే కార్డులో కొత్తవారు తడబడేది స్పైన్ల దగ్గర. కాగితం పరిచి చూస్తే ఎడమ స్పైన్‌లో అక్షరాలు కిందినుంచి పైకి, కుడి స్పైన్‌లో పైనుంచి కిందికి నడవాలి. అంటే రెండింటిలోనూ అక్షరాల తలలు బయటి అంచువైపు ఉండాలి. అప్పుడే డబ్బాను బల్లమీద వెల్లకిలా పెట్టినప్పుడు రెండు వైపులా పేరు నిటారుగా చదవొస్తుంది. బుక్‌లెట్‌కు పిన్ను కొట్టేట్టయితే పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి.

ప్రింటు తీసేటప్పుడు ఎక్కువమందిని దెబ్బతీసేది డిజైన్ కాదు, "ఫిట్ టు పేజ్" అనే చిన్న టిక్కు. అది ఉంటే ప్రింటరు తన అంచుల కోసం బొమ్మను కొద్ది శాతం కుదిస్తుంది. 273 మి.మీ. రావలసింది 262 వస్తుంది, స్పైన్ పక్కకు జరుగుతుంది. "యాక్చువల్ సైజ్" లేదా 100 శాతం ఎంచుకుని, మొదట మామూలు కాగితంపై నలుపు తెలుపులో తీసి, మడిచి, డబ్బాలో పెట్టి చూసుకోవాలి. ఆ తర్వాతే మంచి కాగితం. 130 నుంచి 170 జీఎస్‌ఎం ఆర్ట్ పేపరు డబ్బాలో చక్కగా కూర్చుంటుంది. అంతకన్నా మందమైతే మడత దగ్గర పగులుతుంది, ముందుగా క్రీజింగ్ చేయించాలి. తెరమీద మెరిసే నీలం, ఆకుపచ్చ రంగులు కాగితంపై కొంత చప్పబడతాయి. ఉచిత ప్రోగ్రాముల్లో చాలావరకు తెర రంగుల్లోనే పనిచేస్తాయి కాబట్టి, ఇది తప్పు కాదు, ముందే ఊహించవలసిన తేడా.

చట్టపరమైన వివరాలు

ఇంటి అవసరానికి చేసుకునే కవరుకు నిబంధనలేమీ లేవు. అమ్మకానికి పెట్టే డిస్కుకు ఉన్నాయి. కాపీరైట్ చట్టం 1957లోని 52ఎ సెక్షన్ ప్రకారం సౌండ్ రికార్డింగ్‌పైనా, దాని డబ్బాపైనా తయారుచేసినవారి పేరు, చిరునామా, కాపీరైట్ హక్కుదారు పేరు, చిరునామా, మొదట ప్రచురించిన సంవత్సరం ఉండాలి. సెన్సారు సర్టిఫికెట్ అవసరమైన వీడియోలకు ఆ సర్టిఫికెట్ ప్రతి కూడా వేయాలి. బజారులో దొరికే సినిమా డీవీడీ వెనుక చిన్న అక్షరాల్లో కనిపించేది ఇదే. బార్‌కోడ్ వేసేట్టయితే దానికి మామూలు కొలత సుమారు 37 × 26 మి.మీ., అందులో 80 శాతంకన్నా చిన్నదిగా కుదించకూడదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటోకు యజమాని ఉంటాడు. కాంపాక్ట్ డిస్క్ లోగో కూడా ఫిలిప్స్ ట్రేడ్‌మార్కే.

ప్రస్తుత స్థితి

ఇప్పుడు వస్తున్న ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవ్ ఉండటం అరుదు. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ తన డీవీడీ అద్దె సేవను 2023 సెప్టెంబరులో ముగించింది. పాటల ఆల్బమ్ ముఖచిత్రం స్ట్రీమింగ్ యాప్‌లకు 3000 × 3000 పిక్సెళ్ల చతురస్రంగా మిగిలింది. అదే ఫైలు 120 మి.మీ. సీడీ కాగితానికీ రెండింతలకు పైగా సరిపోతుంది కాబట్టి, సీడీ కూడా వేయాలనుకునే సంగీత బృందాలు చతురస్రాన్ని ముందు చేసి ట్రే కార్డును తర్వాత చేసుకుంటాయి.

తెలుగు రాష్ట్రాల్లో పెళ్లి స్టూడియోలు చాలావరకు డీవీడీ నుంచి పెన్‌డ్రైవ్‌కు మారాయి. పెన్‌డ్రైవ్‌ను పెట్టి ఇచ్చే చెక్క పెట్టెకూ, అట్టపెట్టెకూ వధూవరుల ఫొటోతో కవరు వేస్తున్నారు. ఈ పెట్టెలకు ప్రామాణిక కొలత ఏదీ లేదు, ఒక్కో దుకాణానిది ఒక్కో సైజు. అందువల్ల డబ్బా రకం ఎంచుకోమని అడిగే పాత కవర్ ప్రోగ్రాములు వీటికి పనికిరావు. స్కేలుతో కొలిచి ఆ కొలతకు పేజీ పెట్టుకోనిచ్చే ఇంక్‌స్కేప్, లిబర్‌ఆఫీస్ డ్రా వంటివి నేర్చుకున్నవారికి డిస్కు పోయినా పని మారలేదు.